ఇసుకలోని మూలద్రవ్యము - విద్యుద్ఘటము

విద్యుచ్ఛక్తిని పుట్టించుటకంటె దానిని దాచుట కష్టము. పాఱు నీటివలనను, బొగ్గు మంటవలనను, గాలివలనను, ఎండవలనను విద్యుత్తును పుట్టించు విధములను మానవుడు బాగుగనే నేర్చెను. కాని పుట్టిన విద్యుత్తును, గాదెలో ధాన్యము పోసినట్లు పోసియుంచి, కావలసినప్పుడు కొలిచి తీసికొనుటకు తగిన పాత్రలు మిక్కిలి కొద్ది. సూర్యుడు రాత్రివేళ ప్రకాశింపడు. గాలి మనము కోరినప్పుడు వీవదు. కాబట్టి దాచుకొను పాత్ర యెంత మంచిదైన అంతవఱకే ఆ శక్తులు మనకు ఉపయోగపడును.

అట్టి పాత్రలలో నేడు విశేషముగా వాడుకలో నున్నది లిథియము-అయాను ఘటము. జేబులోని ఫోనులోను, ఒడిలోని కంప్యూటరులోను, వీధిలో చప్పుడు లేక పోవు విద్యుత్ స్కూటరులోను ఉన్నది ఇదియే. దీనినే బ్యాటరీ యని అందఱును పిలుచుచున్నారు. ఈ ఘటమునందలి యొక భాగములో గ్రాఫైటునకు బదులుగా సిలికను అను మూలద్రవ్యమును నిలుపవలెనని శాస్త్రజ్ఞులు చిరకాలముగా పాటుపడుచున్నారు. సిలికను ఏల కోరదగినది? ఏల కష్టపెట్టునది? ఆ కష్టమును ఏ యుపాయములచే తగ్గించిరి? ఈ మూడు సంగతులను ఈ వ్యాసమునందు మేము వివరింప దలచితిమి. గుణకార భాగహారములు వచ్చిన విద్యార్థికి ఇందలి లెక్కలన్నియు బోధపడును. కాగితమును పెన్సిలును దగ్గఱ నుంచుకొని చదువుడని మా మనవి.

ఘటము పనిచేయు విధము

1800వ సంవత్సరమున ఇటలీ దేశస్థుడగు వోల్టా తొలి విద్యుద్ఘటమాలను నిర్మించెను. ఆనాటినుండి నేటివఱకు ఘటములు ఎన్ని విధములుగా మాఱినను వాని మూలరచన యొక్కటియే. ప్రతి ఘటమునందును ఒక ధనధ్రువము, ఒక ఋణధ్రువము, ఆ రెంటి నడుమ అయానులను మోయు విద్యుద్విశ్లేష్యము అను పదార్థము ఉండును. ధ్రువములు ఒకదానినొకటి తాకకుండ నడుమ సన్నని పొర యొకటి యుంచుదురు.

లోహములలో నెల్ల తేలికయైనది లిథియము. దీనిని 1817లో స్వీడను దేశస్థుడగు అర్ఫ్‌వెడ్‌సన్ ఒక ఖనిజమునందు కనుగొనెను. రాతిలో దొరకినది గనుక, రాయి యను అర్థముగల గ్రీకు మాటనుండి దీనికి పేరు వచ్చినది. దీని పరమాణు భారము సుమారు 7 మాత్రమే. ప్రతి లిథియము పరమాణువును తన వెలుపలి ఎలక్ట్రాను నొకదానిని సులభముగా విడిచిపెట్టును. విడిచిన పిమ్మట మిగిలిన దానిని లిథియము అయాను అందురు.

ఘటమునకు విద్యుత్తు ఎక్కించునపుడు లిథియము అయానులు ధనధ్రువమును విడిచి, ద్రవములో ఈది, పొరను దాటి, ఋణధ్రువమును చేరును. వానికి చెందిన ఎలక్ట్రానులు వెలుపలి తీగ గుండ వచ్చి అచ్చట కలిసికొనును. మనము ఘటమును వాడుకొనునపుడు అయానులు మరల వచ్చిన త్రోవనే వెనుకకు పోవును. ఎలక్ట్రానులు తీగ గుండ పోవుచు దీపమును వెలిగించును, చక్రమును త్రిప్పును. ఊయల ఈ కొననుండి ఆ కొనకు ఊగునట్లు లిథియము రెండు ధ్రువముల నడుమ ఊగుచుండును.

ఈ ఘటము ఒక్కరి కృషివలన కలిగినది కాదు. 1970వ దశకమున స్టాన్లీ విటింగ్‌హామ్, టైటేనియము డైసల్ఫైడు పొరలలో లిథియము దూఱి వెడలుననుట చూపెను. 1980లో జాన్ గుడెనఫ్ ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున తన సహచరులతో కలిసి కోబాల్టు ఆక్సైడుతో ధనధ్రువము చేసెను. 1985లో జపాను దేశమున అకిరా యొషినో, వట్టి లిథియము లోహమును విడిచి బొగ్గు జాతి పదార్థముతో ఋణధ్రువము చేసి, ఘటమును అపాయము తక్కువ గలదిగా నొనర్చెను. 1991లో సోనీ సంస్థ దీనిని అంగడికి తెచ్చెను. ఈ మువ్వురకును 2019లో రసాయన శాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. అప్పటికి గుడెనఫ్ వయస్సు 97 సంవత్సరములు.

గ్రాఫైటు అను సత్రము

నేటి ఘటములలో ఋణధ్రువము తఱుచుగా గ్రాఫైటుతో చేయబడినది. పెన్సిలు ములుకులో నున్న నల్లని పదార్థము ఇదియే. ఇది కర్బనము యొక్క ఒక రూపము. ఇందు కర్బన పరమాణువులు తాటాకు గ్రంథమునందలి ఆకులవలె పొరలుపొరలుగా పేర్చబడి యుండును. లిథియము ఆ పొరల నడుమ దూఱి నిలుచును. బాటసారులు సత్రమునకు వచ్చి, గదులలో బసచేసి, తెల్లవాఱగనే వెడలిపోయినను సత్రపు గోడలకు చేటు లేనట్లే, లిథియము వచ్చినను పోయినను గ్రాఫైటు పొరలు చెడవు. పొరల యెడము సుమారు 10 శాతము మాత్రము పెరిగి, మరల తగ్గును. అందువలననే గ్రాఫైటు ఘటములు వందలకొలది, వేలకొలది మాఱులు ఎక్కించి దించినను నిలుచుచున్నవి.

అయితే ఈ సత్రమున గదులు తక్కువ. ఆఱు కర్బన పరమాణువులకు ఒక్క లిథియము పరమాణువునకే చోటు. ఇంతకంటె ఎక్కువ పట్టింప వీలులేదు. ఒక గ్రాము గ్రాఫైటు గరిష్ఠముగా 372 మిల్లీఆంపియరు-గంటల విద్యుత్తును దాచగలదు. నేటి ఘటములు ఈ హద్దునకు మిక్కిలి సమీపమునకు వచ్చియున్నవి. ఇక ముందుకు పోవలెనన్న సత్రమునే మార్చవలెను.

గ్రాఫైటును గూర్చి మఱియొక చిక్కును గలదు. ఘటములకు తగునట్లు దానిని శుద్ధిచేయు పని యెక్కువ భాగము చైనా దేశముననే జరుగుచున్నది. 2023 డిసెంబరు 1వ తేదీనుండి ఆ దేశము కొన్ని తరగతుల గ్రాఫైటు ఎగుమతికి అనుమతి పత్రము కావలెనని శాసించెను. ఒక్క చోటనే యున్న దినుసుపై లోకమంతయు ఆధారపడుట క్షేమము కాదని పెక్కు దేశములవారు అప్పుడు గ్రహించిరి.

సిలికను యొక్క శక్తి

భూమి పై పొరయందు ఆక్సిజను తరువాత అన్నిటికంటె ఎక్కువగా నున్న మూలద్రవ్యము సిలికను. ఆ పొర తూకములో ఇంచుమించు 28 శాతము ఇదియే. ఇసుక, చెకుముకి రాయి, పలుగురాయి మొదలగునవి సిలికను ఆక్సిజనుతో కూడుటవలన ఏర్పడినవి. 1824లో స్వీడను రసాయనజ్ఞుడగు బెర్జీలియస్ దీనిని విడదీసెను. కంప్యూటరు చిప్పులును, సూర్యఫలకములును దీనితోనే చేయుచున్నారు.

ఇప్పుడు లెక్క చూతము. కర్బనము పరమాణు భారము 12. ఆఱు పరమాణువులకు 72. కాబట్టి 72 భాగముల గ్రాఫైటు ఒక లిథియమును పట్టును. సిలికను పరమాణు భారము సుమారు 28. సాధారణమైన వేడిమియందు నాలుగు సిలికను పరమాణువులు పదునైదు లిథియము పరమాణువులను పట్టును. అనగా ఒక్కొక్కటి 3.75 చొప్పున. 72 భాగముల సిలికనులో 72ను 28చే భాగింపగా 2.57 పరమాణువులు. 2.57ను 3.75చే గుణింపగా 9.6. అనగా సమానమైన తూకమునకు సిలికను గ్రాఫైటు కంటె 9.6 రెట్లు లిథియమును పట్టును. ప్రయోగశాలలో వాడు కొలత ప్రకారము గ్రాము సిలికనునకు 3,579 మిల్లీఆంపియరు-గంటలు. దీనిని 372చే భాగించి చూడుడు. మన లెక్క సరిపోవును.

ఇంకొక లాభమును గలదు. గ్రాఫైటు యొక్క విద్యుత్పీడనము లిథియము లోహపు పీడనమునకు అతి సమీపమున నుండును. అందుచే మిక్కిలి వేగముగా ఎక్కించినచో లిథియము పొరలలో దూఱక, పైననే లోహమై పేరుకొను ప్రమాదము గలదు. సిలికను పీడనము కొంచెము ఎగువ నుండుటచే ఆ ప్రమాదము తక్కువ. కాని దీనివలననే ఘటము మొత్తము మీద ఇచ్చు వోల్టులు కొంచెము తగ్గునని కూడ మఱువరాదు.

ఉబ్బుట, పగులుట

ఇంత శక్తిగల ద్రవ్యము చేతికి అందుబాటులో నుండగా గ్రాఫైటును ఏల పట్టుకొని యుండవలెను? కారణము ఒక్క మాటలో చెప్పవచ్చును: సిలికను ఉబ్బును.

సిలికను సత్రము వంటిది కాదు. దానిలో లిథియమునకు సిద్ధముగా గదులు లేవు. వచ్చిన లిథియము సిలికను పరమాణువుల కూర్పును తెగగొట్టి, వానితో కలిసి క్రొత్త మిశ్రలోహముగా మాఱును. ఇల్లు పడగొట్టి నాలుగింతల యిల్లు కట్టుట యెట్టిదో ఇది యట్టిది. నిండుగా లిథియము చేరినపుడు సిలికను పరిమాణము సుమారు 3.8 రెట్లగును. అనగా 100 నానోమీటర్ల అడ్డుకొలత గల గుండు 156 నానోమీటర్లదగును, ఏలయన 1.56ను మూడు మాఱులు గుణింపగా ఇంచుమించు 3.8 వచ్చును. లిథియము వెడలిపోవునపుడు అది మరల కుంచించుకొనును. ప్రతి దినమును ఎక్కించి దించుచు నుండగా ప్రతి దినమును ఈ ఉబ్బుటయు కుంచించుటయు జరుగును.

మన నల్లరేగడి నేలలను చూచిన వారికి దీని ఫలితము చెప్పనక్కఱలేదు. వానలకు రేగడి నీరు త్రాగి ఉబ్బును. వేసవిలో ఎండి కుంచించి, కాలు దిగబడునంత నెఱ్ఱెలు విచ్చును. అట్టి నేలపై లోతులేని పునాదితో కట్టిన గోడ ఏటేట బీటలు వాఱును. పలుచని సిలికను పూతను సూక్ష్మదర్శినిలో చూచినచో ఎండిన చెఱువు అడుగువలెనే పలకలు పలకలుగా పగిలి కనబడును. పగిలిన పలకలు రాగిరేకు నుండి ఊడిపోవును. ఊడిన ముక్కకు ఎలక్ట్రానులు అందవు. అది ఘటములో నున్నను లేనట్లే.

మీగడ లెక్క

పగులుటకంటె లోతైన నష్టము మఱియొకటి గలదు. ఘటమునందలి ద్రవము ఋణధ్రువమును తాకినచోట కొంత విడిపోయి, ధ్రువముపై సన్నని పొరగా ఏర్పడును. వేడిపాలపై మీగడ కట్టినట్లు ఇది కట్టును. ఈ పొర మంచిదే. ఇది లిథియమును పోనిచ్చును. ద్రవమును ఇంకను చెడకుండ కాపాడును. గ్రాఫైటుపై ఇది ఒకమాఱు కట్టి నిలిచిపోవును.

సిలికనుపై మాత్రము అట్లు నిలువదు. సిలికను ఉబ్బినప్పుడెల్ల పొర చినుగును. లోపలి క్రొత్త ముఖము ద్రవమునకు బయలుపడును. అచ్చట మరల పొర కట్టును. మీగడ తీసినకొలది మరల మీగడ కట్టి, చివరకు గిన్నెలో పాలు తఱిగినట్లు, ప్రతి మాఱును కొంత లిథియమును కొంత ద్రవమును ఈ పొరలోనే బందీలగును. ఘటములో పోసిన లిథియము పరిమితమైనది. ఒకసారి చిక్కినది తిరిగి రాదు.

దీని తీవ్రత లెక్కవలన తెలియును. ప్రతి మాఱును లిథియములో 99 శాతము తిరిగి వచ్చుచున్నదనుకొనుడు. వినుటకు ఇది గొప్ప మార్కువలె నున్నది. కాని 0.99ను 100 మాఱులు గుణింపగా 0.37 మాత్రమే వచ్చును. నూఱు దినములలో ఘటము మూడింట ఒక వంతునకు దిగజాఱును. 99.9 శాతమైనచో 500 మాఱులకు 61 శాతము మిగులును. 99.99 శాతమైనచో 500 మాఱులకు 95 శాతము మిగులును. తుదకు నిలుచునది ఏది, పోవునది ఏది యని నిర్ణయించునది దశాంశ బిందువు తరువాతి ఆ చిన్న అంకెలే. పరీక్షలో 99 మార్కులు వచ్చిన బాలుని మనము మెచ్చుకొందుము. ఘటమును మాత్రము ఆ మార్కుతో బయటికి పంపివేయుదుము.

ఉపాయములు

ఈ దోషమును మాన్పుటకు శాస్త్రజ్ఞులు కనిపెట్టిన ఉపాయములలో ముఖ్యమైనవానిని వరుసగా చెప్పుదుము.

మొదటిది, సిలికనును మిక్కిలి చిన్నదిగా చేయుట. పెద్ద రాయి వేడిమికి పగులును. ఇసుక రేణువు పగులదు. 2008లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున యీ చుయ్ అను ఆచార్యుని బృందము సిలికనును వెండ్రుకకంటె వందల రెట్లు సన్ననైన తీగలుగా, ఉక్కు రేకుపై నాటిన నారువలె పెంచెను. తీగకును తీగకును నడుమ చోటుండుటచే అవి ఉబ్బినను ఒకదానినొకటి నొక్కికొనలేదు. ప్రతి తీగయు మొదట రేకునకు అంటియుండుటచే ఎలక్ట్రానులు అందుట మానలేదు. తీగలు పొడవుగను లావుగను పెరిగినవే కాని తునకలు కాలేదు. పిమ్మట 2012లో ప్రచురింపబడిన పరిశోధనవలన, సుమారు 150 నానోమీటర్లకు లోబడిన సిలికను రేణువులు తొలి మాఱు లిథియము నిండినను పగులవని తేలినది. నానోమీటరు అనగా మీటరులో వంద కోట్లవ భాగము.

అయితే ఒక దోషమును తీర్చబోగా మఱియొక దోషము తల యెత్తినది. ఒక బెల్లపు అచ్చును పొడి చేసినచో చీమలకు అందు ముఖములు ఎన్నియో రెట్లు పెరుగును. అట్లే రేణువు చిన్నదైనకొలది ద్రవమును తాకు ముఖము పెరిగి, మీగడ యెక్కువ కట్టును.

అందువలన రెండవ యుపాయము: రేణువునకు ఒక ఇల్లు, ఆ యింటిలో కొంత ఖాళీ. ఎండిన కొబ్బరికాయ కుడుకను తలచుకొనుడు. చిప్ప గట్టిగా నుండును. లోపల కుడుక విడిగా దొరలును. నడుమ ఖాళీ యుండును. 2012లో చుయ్ బృందమువారు సిలికను రేణువు చుట్టు కర్బనపు చిప్పను, నడుమ ఖాళీని ఉంచిరి. సిలికను ఆ ఖాళీలోనికే ఉబ్బును, చిప్ప కదలదు, మీగడ చిప్పపై కట్టి చినుగక నిలుచును. 2014లో అట్టి గింజలను పెక్కింటిని చేర్చి, దానిమ్మపండువలె, వెలుపల మఱియొక కర్బనపు తొక్క నిచ్చిరి. ద్రవమునకు తగులునది ఆ తొక్క మాత్రమే. ప్రయోగశాలలో 1,000 మాఱులు ఎక్కించి దించిన పిమ్మట కూడ అది తన నిలువలో 97 శాతమును కాపాడుకొనినది.

మూడవది, బంక. ధ్రువమునందలి పొడిని రేకునకు అంటించుటకు బంక కావలెను. గ్రాఫైటునకు వాడు బంక సిలికను ఉబ్బునకు తాళలేదు. గోధుమవన్నె సముద్రపు పాచినుండి తీయు ఆల్జినేటు అను పదార్థము సిలికనును గట్టిగా పట్టుకొనునని 2011లో అమెరికా పరిశోధకులు చూపిరి. మొక్కల నారనుండి చేయు సెల్యులోజు జాతి బంకలును ఇట్లే ఉపయోగపడుచున్నవి. ద్రవములో ఫ్లూరీనుగల ఒక కార్బొనేటును కొద్దిగా చేర్చినచో మీగడ పొర మఱింత దృఢముగా కట్టును.

నాలుగవది, మిశ్రమము. సిలికనును ఒంటరిగా నిలుపక, గ్రాఫైటులో కొన్ని పాళ్లు మాత్రము కలుపుదురు. తఱుచు వట్టి సిలికనుకు బదులు సిలికను మోనాక్సైడును కలుపుదురు. అందలి ఆక్సిజను తొలి మాఱే కొంత లిథియమును పట్టివేసి నష్టము కలిగించును. కాని అట్లేర్పడిన పదార్థము మిగిలిన సిలికను చుట్టు పరుపువలె నిలిచి ఉబ్బును ఓర్చును. వంటలో ఉప్పు వలె, ఇందు పాలు తప్పరాదు.

ఐదవది యిటీవలిది. కర్బనమును స్పంజివలె రంధ్రములు గలదిగా చేసి, సిలేను అను వాయువును ఆ రంధ్రములలోనికి పంపి, అచ్చటనే సిలికను నిలుచునట్లు చేయుదురు. రంధ్రము పూర్తిగా నింపక కొంత ఖాళీ విడుతురు. సిలేను గాలి తగులగనే మండునది; కావున దీనితో పని మిక్కిలి జాగ్రత్తగా జరుగవలెను.

ఈ యుపాయములు కాగితముపై మాత్రమే యుండలేదు. 2015లో టెస్లా సంస్థ తన కారు ఘటములలో గ్రాఫైటుతో కొంత సిలికనును కలిపినట్లు ప్రకటించెను. 2021లో మణికట్టునకు కట్టుకొను వూప్ అను చిన్న పరికరమునందు సిలికను ఋణధ్రువపు ఘటము అమ్మకమునకు వచ్చెను. 2023లో చైనా దేశపు ఆనర్ సంస్థ సిలికను-కర్బన ఘటముతో ఫోనును విడుదల చేసెను. తరువాత పెక్కు సంస్థలు అదే త్రోవ పట్టినవి.

పదిరెట్లా? కాదు

ఇచ్చట తల్లిదండ్రులకును ఉపయోగపడు ఒక సంగతి చెప్పవలసియున్నది. సిలికను పది రెట్లు పట్టునని చదివి, ఫోను పది దినములు నడచునని కొందఱు తలంతురు. ప్రకటనలు వ్రాయువారు ఆ తలంపును ప్రోత్సహింతురు. మనము లెక్కవేసి చూతము.

1,000 మిల్లీఆంపియరు-గంటలు దాచవలెననుకొనుడు. గ్రాఫైటు అయినచో 1,000ను 372చే భాగింపగా 2.69 గ్రాములు కావలెను. నికెలు ఎక్కువగా గల మంచి ధనధ్రువ పదార్థము గ్రామునకు సుమారు 200 దాచును. కాబట్టి అది 5 గ్రాములు కావలెను. రెండును కలిసి 7.69 గ్రాములు. ఇప్పుడు గ్రాఫైటు తీసి వట్టి సిలికను ఉంచినచో 0.28 గ్రాము చాలును. కాని ధనధ్రువము 5 గ్రాములు అట్లే యుండును. మొత్తము 5.28 గ్రాములు. తూకము తగ్గినది 31 శాతము మాత్రమే. రేకులు, ద్రవము, పొర, డబ్బీ తూకములను చేర్చినచో లాభము ఇంకను తగ్గును. వట్టి సిలికనుకు బదులు మిశ్రమము వాడినచో మఱింత తగ్గును. ఎడ్లబండికి ఒక ఎద్దు గుఱ్ఱమంత వేగముగా పోగలిగినను, రెండవ ఎద్దు పాతదే యైన బండి వేగము ఎంత పెరుగును?

అయినను ఈ లాభము తక్కువది కాదు. ఒకే తూకముతో నాలుగింట ఒక వంతు ఎక్కువ దూరము పోవు బస్సు, ఒకే మందముతో సాయంకాలమునకు బదులు మఱునాటి ఉదయమువఱకు నిలుచు ఫోను, ఇవి చిన్న సంగతులు కావు. నిజమైన లాభము చాలినంత గొప్పది. దానిని పది రెట్లు చేసి చెప్పవలసిన పనిలేదు.

మిగిలియున్న చిక్కునుగూడ చెప్పుట న్యాయము. సిలికను ఘటము పనిచేయక ఊరక యుంచినను, లోపల ద్రవమునకును సిలికనునకును మెల్లమెల్లగా చర్య జరుగుచు ఘటము వృద్ధమగును. రెండు మూడు సంవత్సరములకు మార్చు ఫోనునకు ఇది బాధ కాదు; పది పదునైదు సంవత్సరములు నడువవలసిన వాహనమునకు ఇది పెద్ద ప్రశ్న. నేడు పరిశోధకుల శ్రమలో గొప్ప భాగము దీనిపైననే.

వడ్ల ఊక

ఈ విషయమునకును మన గోదావరి కృష్ణా తీరముల పంటపొలములకును ఒక నిజమైన సంబంధము గలదు. వరి మొక్క తన వేళ్లతో నేలలోని సిలికను అంశమును నీటితోబాటు పీల్చికొని, దానిని ముఖ్యముగా వడ్లపై పొట్టులో చేర్చును. దానివలన పొట్టు గట్టిపడి పురుగులనుండి గింజను కాచును. ఊక కొఱికినపుడు గరగరలాడుటకు కారణము ఇదియే.

100 కిలోల వడ్లలో సుమారు 20 కిలోలు ఊక. ఊకను కాల్చగా అయిదింట ఒక వంతు బూడిద మిగులును; అనగా 4 కిలోలు. ఆ బూడిదలో ఇంచుమించు 90 పాళ్లు సిలికా, అనగా 3.6 కిలోలు. సిలికాలో 60 భాగములకు 28 భాగములు సిలికను. కాబట్టి సుమారు 1.7 కిలోలు. వడ్ల బస్తా ప్రక్కన మనము లెక్కచేయని పొట్టులో ఇంత సిలికను దాగియున్నది.

2013లో దక్షిణ కొరియాలోను, అమెరికాలోను వేర్వేఱు బృందములు ఊకనుండి ఋణధ్రువమునకు తగిన సిలికనును తీసి చూపెను. ఊకను ఆమ్లముతో కడిగి, కాల్చి, తెల్లని సిలికాను పొంది, దానిని మెగ్నీషియముతో కలిపి సుమారు 650 డిగ్రీల వేడిమిలో ఉంచినచో మెగ్నీషియము ఆక్సిజనును లాగికొనును, సిలికను మిగులును. మొక్క తానే సిలికాను అతి సూక్ష్మముగా నేసియుండుటచే, వచ్చిన సిలికనుగూడ ఆ సూక్ష్మరూపమునే నిలుపుకొనును. మానవుడు గొప్ప ఖర్చుతో చేయు పనిలో కొంత వరి మొక్క ముందే చేసి పెట్టినది. అయితే కిలో సిలికనునకు సుమారు 1.7 కిలోల మెగ్నీషియము ఖర్చగును గనుక ఇది చౌక కాదు. ఊకను బియ్యపు మిల్లులు బాయిలర్లలో కాల్చుకొనుచునే యున్నవి. ఆ బూడిదను చెఱువుగట్టున పోయుటకంటె మేలైన ఉపయోగము దొరకునా యను ప్రశ్న మాత్రము మన ప్రాంతపు విద్యార్థి ఆలోచింపదగినది.

ఒక ప్రయోగము, కొన్ని లెక్కలు

సన్నమెడ గల పాత గాజు సీసాలో ఎండు శనగలు అంచువఱకు పోసి, నీరు నింపి, బిరడా బిగించి, బకెట్టులో పెట్టి, పైన గోనె కప్పి రాత్రియంతయు ఉంచుడు. మఱియొక సీసాలో మూడవ వంతు మాత్రమే శనగలు పోసి అట్లే చేయుడు. ఉదయమున పెద్దల యెదుట గోనె తీసి రెండింటిని పోల్చి చూడుడు. గాజు పెంకులను వట్టి చేతులతో తాకరాదు.

1. రెండు సీసాలలో ఏది వట్టి సిలికను గుండును, ఏది కుడుకవంటి కర్బనపు చిప్పను పోలియున్నది? కారణము వ్రాయుడు.

2. ప్రతి మాఱును 99.9 శాతము లిథియము తిరిగి వచ్చు ఘటములో 200 మాఱుల తరువాత ఎంత శాతము మిగులును?

3. గ్రామునకు 250 మిల్లీఆంపియరు-గంటలు దాచు ధనధ్రువము దొరకినదనుకొనుడు. 1,000 మిల్లీఆంపియరు-గంటలకు గ్రాఫైటుతో ఎంత తూకము, సిలికనుతో ఎంత తూకము కావలెను? ఋణధ్రువమును మార్చుట మేలా, ధనధ్రువమును మార్చుట మేలా, రెండును మార్చుట మేలా?

మూడవ ప్రశ్నకు సరియైన ఉత్తరము వ్రాసిన విద్యార్థి, ప్రకటనలలోని గొప్ప సంఖ్యలను చూచి ఇకమీదట మోసపోడని మా నమ్మకము.